అపోహలు - వాస్తవాలు: ఎంపీ4 పెట్టినా బొమ్మ ఎందుకు రాదు?

"సైట్‌లో వీడియో పెట్టానండీ. మాట వినిపిస్తోంది, బొమ్మ రావట్లేదు." ఇది వినీ వినీ, అవతలివాళ్లు పూర్తిచేసేలోపే అడిగేస్తున్నాను: "ఐఫోన్‌తో తీశారా?" చాలాసార్లు అవుననే అంటారు.

అపోహ: ఎంపీ4 అయితే చాలు, ఏ బ్రౌజర్‌లోనైనా ప్లే అవుతుంది.

వాస్తవం: ఎంపీ4 ఒక డబ్బా మాత్రమే. లోపల ఏ కోడెక్ (వీడియోని కుదించి దాచే పద్ధతి) ఉందన్నదే అసలు సంగతి. 2003లో వచ్చిన హెచ్.264 అనే కోడెక్‌ని దాదాపు అన్ని బ్రౌజర్లూ చదువుతాయి. దాని తర్వాత వచ్చిన హెచ్.265 అలా కాదు. సఫారీలో వస్తుంది. మిగతావాటిలో రావడం, రాకపోవడం చూసేవాళ్ల మెషీన్‌ని బట్టి ఉంటుంది. 2017లో ఐఓఎస్ 11 వచ్చాక ఐఫోన్ 7, ఆ తర్వాతి ఐఫోన్లు, మనం సెట్టింగ్ మార్చకపోతే, ఈ హెచ్.265లోనే రికార్డు చేస్తున్నాయి. ఆడియో మాత్రం బ్రౌజర్లు చదవగలిగే ఏఏసీ కోడెక్‌లో ఉంటుంది కాబట్టి అది వినిపిస్తుంది, తెర నల్లగా ఉండిపోతుంది. తీసినవాళ్ల ఫోన్‌లో మాత్రం భేషుగ్గా కనిపిస్తుంది. ఇక "నాకు వస్తోందే!" అని వాదన.

ఫైల్ పేరు చివర ఎంఓవీ తీసేసి ఎంపీ4 అని రాస్తే సరిపోతుందని ఎవరు పుట్టించారో గానీ, దాంతో లోపల ఒక్క బిట్ కూడా మారదు. (మొదట్లో నేనూ చేశాను, ఒప్పుకుంటున్నాను.)

పాఠాలు చెప్పే ఒకావిడ నలభై వీడియోలు తీసి పెట్టారు. సగం మందికి నల్లతెర. హోస్టింగ్ బాగోలేదని ఎవరో అంటే డబ్బు కట్టి మార్చారు. ఫైళ్లు పాడయ్యాయని ఇంకొకరు అంటే మళ్లీ తీయడం మొదలుపెట్టారు, అదే ఫోన్‌తో! నా దగ్గరికి వచ్చేసరికి పదకొండు పాఠాలు రెండోసారి చెప్పేశారు. ఒక ఫైల్‌ని మీడియాఇన్ఫోలో (ఫైల్ వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) తెరిస్తే కోడెక్ పేరు అక్కడే ఉంది. నలభై ఫైళ్లనూ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి (వీడియోలను మార్చే సాఫ్ట్‌వేర్) అప్పగించి పడుకున్నాను, తెల్లారేసరికి అన్నీ హెచ్.264లోకి వచ్చేశాయి. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంతకీ ఆ పదకొండిట్లో ఏవి ఉంచమంటారు?" అన్నారు. మొదట తీసినవే ఉంచమన్నాను. వాటిలో గొంతులో హుషారుంది.

కాబట్టి టెన్షన్ పడకండి, మీ ఫైల్ పాడైపోలేదు. మార్చేటప్పుడు ఒక్కటి చూసుకోండి: రంగుల సెట్టింగులు 8 బిట్, 4:2:0 ఉండాలి. హెచ్‌డీఆర్‌లో (వెలుగునీడల తేడాలు ఎక్కువగా పట్టే మోడ్) తీసినది 10 బిట్‌గానే ఉండిపోతే, హెచ్.264 అయినా చాలా చోట్ల బొమ్మ రాదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"వీడియో మొత్తం దిగితే గానీ మొదలవ్వట్లేదు, సర్వర్ స్లో." కాకపోవచ్చు. ఎంపీ4లో మూవ్ అనే సూచిక ఫైల్ చివర ఉండి, సర్వర్ రేంజ్ రిక్వెస్టులకు (ఫైల్‌లో అడిగిన ముక్కను మాత్రమే పంపమనడం) ఒప్పుకోకపోతే ఇలాగే అవుతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని ఫాస్ట్‌స్టార్ట్ ఆప్షన్‌తో సూచికను ముందుకు తెచ్చుకోండి. మళ్లీ ఎన్‌కోడ్ చేయక్కర్లేదు.

"ఆటోప్లే రాశాను, క్రోమ్ పట్టించుకోవట్లేదు." శబ్దంతో తనంతట తాను మొదలవడాన్ని క్రోమ్ 2018 నుంచే అడ్డుకుంటోంది. వీడియో ట్యాగ్‌లో మ్యూటెడ్ (శబ్దం లేకుండా) అని కూడా రాయండి. ఐఫోన్ కోసం ప్లేస్‌ఇన్‌లైన్ (పేజీలోనే ప్లే అవ్వమనడం) చేర్చండి.

"రైట్ క్లిక్ ఆపేస్తే వీడియోని ఎవరూ డౌన్‌లోడ్ చేసుకోలేరు." చేసుకుంటారు.