కరెంటు పెట్టాక వచ్చిన దగ్గు

పర్లాకిమిడిలో ఉండే మా మేనమామకి ఊపిరితిత్తి కేన్సరని తేలితే విశాఖపట్నంలో కరెంటు పెట్టారు. రేడియోథెరపీకి మావైపు అదే పేరు. రోజుకి 2 గ్రేల చొప్పున 30 సార్లు, మొత్తం 60 గ్రేలు. గ్రే అంటే ఒంటికి తగిలిన రేడియేషన్‌కి కొలత. గునుపూరు రైలెక్కి ఇంటికొచ్చాడు, మహేంద్రతనయ గట్టు దాకా నడిచొచ్చేంత తేరుకున్నాడు. రెండున్నర నెలలకి పొడి దగ్గు పట్టుకుంది. వెనకాలే ఆయాసం, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం. ఊళ్లో చూసిన డాక్టరు పాత కాగితాలు అడక్కుండానే టీబీ మందులు మొదలెట్టారు. జబ్బు తిరగబెట్టిందని అత్తయ్య ఒకటే ఏడుపు.

అది రెండూ కాదు, రేడియేషన్ న్యూమోనైటిస్, అంటే రేడియేషన్ వల్ల ఊపిరితిత్తికి వచ్చే వాపు. కరెంటు పూర్తయిన నెల నుంచి ఆరు నెలల లోపు ఎక్కువగా కనబడుతుంది. అప్పటికి కరెంటు సంగతే ఇంటిల్లిపాదీ మరిచిపోయి ఉంటారు, చిక్కంతా అక్కడే.

ఊపిరితిత్తిలోని సన్నటి గాలిగదులు మూసుకుపోకుండా లోపల ఒక జిగురుపొర ఉంటుంది. దాన్ని తయారుచేసే కణాలూ, పక్కనున్న రక్తనాళాల గోడలూ రేడియేషన్‌కి దెబ్బతింటాయి. ఆ దెబ్బ వెంటనే బయటపడదు, వారాల తర్వాత వాపుగా తేలుతుంది. ఆర్నెల్లు దాటాక ఆ చోటు మచ్చకట్టి గట్టిపడితే ఫైబ్రోసిస్ అంటారు, అది వెనక్కి పోదు.

దీన్ని అంచనా వేసే పని కరెంటు పెట్టకముందే మొదలవుతుంది. ఫైల్లో వీ20 అని ఒక అంకె ఉంటుంది. రెండు ఊపిరితిత్తుల్లో ఎంత శాతం భాగానికి 20 గ్రేలు, లేదా అంతకు మించి తగిలిందో అది చెబుతుంది. మామూలుగా 35 దాటకుండా చూస్తారు. పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. మామయ్య ఫైల్లో 31 ఉంది.

నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది సీటీ ఫిల్ము. న్యుమోనియా సాధారణంగా ఊపిరితిత్తి తమ్మెల (లోబ్‌ల) హద్దుల్ని బట్టి పాకుతుంది. మామయ్య ఫిల్ములో పొగమంచులాంటి మరక, దాని అంచు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. కిరణాలు వెళ్లిన దారి అది. కొత్తరకం యంత్రాలతో పెడితే అంచు అంత తిన్నగా ఉండదు, అప్పుడు ఎక్కడ ఎంత రేడియేషన్ తగిలిందో చూపే పాత డోసు పటాన్ని సీటీ పక్కన పెట్టి పోల్చాల్సిందే.

ఊపిరి ఊదించే స్పైరోమెట్రీ ఒక్కటే సరిపోదు. గాలిలోంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా దిగుతోందో కొలిచే డీఎల్‌సీవో పరీక్ష ఈ దెబ్బని ముందే పట్టిస్తుంది. అయితే దేన్నైనా చికిత్సకి ముందు తీసిన కొలతతో పోల్చాలి. కళ్లె పరీక్ష చేసి టీబీని, ఇన్ఫెక్షన్‌ని తోసిపుచ్చడమూ అంతే ముఖ్యం. ఎందుకంటే దీనికిచ్చే స్టెరాయిడ్లు దాగున్న టీబీని రెచ్చగొడతాయి. ఆ మాత్రల్ని వారాల తరబడి మెల్లగా తగ్గించాలి. హాయిగా ఉందని మధ్యలో మానేస్తే ఆయాసం మళ్లీ వస్తుంది.

ఇంట్లో మేం పెట్టుకున్న కొలత చెడుగుడు కూత లాంటిది. ఒక్క ఊపిరిలో పైకి అంకెలు లెక్కపెట్టడం. ఆసుపత్రి పరీక్షకి ఇది బదులు కాదు, కానీ రోజురోజుకీ తేడా తెలుస్తుంది. అత్తయ్య క్యాలెండరు మీద రాసేది. బాగా ముదిరినప్పుడు 11. మాత్రలు మొదలైన మూడు వారాలకి 19. నిన్న ఫోన్‌లో నాకే లెక్కపెట్టి వినిపించాడు. 27 దగ్గర ఆగాడు, దగ్గలేదు.