ప్రొడునోవా గొడవ వెనక ఉన్న పరుపు కథ

విజయనగరంలో జిమ్నాస్టిక్స్ చూసేవాళ్ళం పట్టుమని పదిమందిమి ఉంటామేమో. పెద్ద చెరువు గట్టు మీద ఉదయం నడక అయ్యాక టీ తాగుతూ కూర్చుంటాం. మాట ఎక్కడ మొదలైనా చివరికి వాల్ట్ (పరుగెత్తుకొచ్చి టేబుల్ మీంచి ఎగిరి పల్టీ కొట్టే అంశం) దగ్గరికే వచ్చి ఆగుతుంది. 2024 ఆగస్టు 3న పారిస్ ఒలింపిక్స్ వాల్ట్ ఫైనల్ చూసిన మర్నాడూ అంతే. సిమోన్ బైల్స్ 15.300తో బంగారు పతకం కొట్టింది, బ్రెజిల్ అమ్మాయి రెబెకా ఆండ్రాడేకి రజతం వచ్చింది. ఆ ఒలింపిక్స్ జిమ్నాస్టిక్స్‌లో మన దేశం నుంచి ఒక్కరూ లేరు. "దీపా ఉండుంటేనా..." అని ఎవరో అన్నారు. ప్రొడునోవా అనే ప్రమాదకరమైన వాల్ట్‌తో పేరు తెచ్చుకున్న మన జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ గురించే ఆ మాట. అంతే, పాత గొడవ మళ్ళీ లేచింది.

"మన అమ్మాయి నేర్చుకుందని తెలిశాకే కదా మాస్టారూ, ప్రొడునోవాకి మార్కులు కోసేశారు!" అన్నాడు మాలో అందరికన్నా కుర్రవాడు. మాస్టారంటే రిటైరైన పీఈటీ. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, "కొయ్యడం కాదురా బాబూ, దాన్ని పూర్తిగా తీసేయాల్సింది. అది మెడతో ఆట" అన్నారు. ఇద్దరికీ ఆటంటే ప్రాణమే. ఈ గొడవకి వెనకాల చాలా చరిత్ర ఉంది, అందుకే వరసగా రాస్తున్నాను.

ముందు ఆ విన్యాసం సంగతి. వాల్ట్ రన్‌వే పొడవు 25 మీటర్లు. పరుగెత్తుకొచ్చి స్ప్రింగ్‌బోర్డు మీద రెండు కాళ్ళతో తన్ని, చేతులు టేబుల్‌కి ఆనించి పైకి లేవాలి. అక్కణ్ణించి గాల్లో ముందుకి రెండు పల్టీలు. వెనక్కి పల్టీ కొట్టేటప్పుడు చివర్లో నేల కంటికి ఆనుతుంది కాబట్టి కాళ్ళు సర్దుకోవచ్చు. ముందుకి కొట్టేటప్పుడు ఆ అవకాశం దాదాపు ఉండదు, శరీరం లెక్కే దిక్కు. లెక్క కొంచెం తక్కువైతే కూర్చుండిపోతారు. బాగా తక్కువైతే మెడ మీద పడతారు. రష్యాకి చెందిన ఎలెనా ప్రొడునోవా 1999లో దీన్ని పోటీలో చేసి చూపించింది, అందుకే ఆమె పేరు పెట్టారు. ఆ తర్వాత ప్రపంచంలో దాన్ని పోటీలో ప్రయత్నించినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. డొమినికన్ రిపబ్లిక్ నుంచి యామిలెట్ పెన్యా, ఈజిప్టు నుంచి ఫద్వా మహమూద్, మన అగర్తలా నుంచి దీపా కర్మాకర్.

2016 ఆగస్టు 14న రియో ఒలింపిక్స్ వాల్ట్ ఫైనల్లో దీపా రెండో వాల్ట్‌గా దాన్నే చేసింది. కాళ్ళ మీదే దిగింది గానీ బాగా కిందికి కుంగిపోయింది. ఆ వాల్ట్‌కి 15.266, రెండింటి సగటు 15.066. మూడో స్థానంలో ఉన్న స్విట్జర్లాండ్ క్రీడాకారిణి జూలియా స్టైన్‌గ్రూబర్‌కి 15.216. తేడా 0.150. ఆ రాత్రి మా వీధిలో జిమ్నాస్టిక్స్ అంటే ఏంటో తెలియనివాళ్ళు కూడా టీవీ ముందు ఊపిరి బిగపట్టి కూర్చున్నారు.

ఇక మార్కుల కోత. ఆ నాలుగేళ్ళలో (2013-16) ప్రొడునోవా కఠినత విలువ, అంటే విన్యాసం ఎంత కష్టమో దాన్ని బట్టి ఇచ్చే మార్కు, 7.0. 2017లో వచ్చిన కొత్త నియమావళిలో దాన్ని 6.4కి దించారు. మా కుర్రవాడి కోపం అక్కడే ఆగిపోయింది. కానీ అదే ఏడాది అమనార్, చెంగ్ అనే మరో రెండు కష్టమైన వాల్ట్‌లలో అమనార్‌ని 6.3 నుంచి 5.8కి, చెంగ్‌ని 6.4 నుంచి 6.0కి దించారు. 2022లో ఈ మూడింటికీ మరో 0.4 తగ్గింది. అంటే కోత అందరికీ పడింది. అయితే ప్రొడునోవాకి పడిన 0.6 కోత మిగతా రెండింటికన్నా పెద్దదన్న మాటా నిజమే. అలా ఎందుకు చేశారో తెలియాలంటే 2004కి వెళ్ళాలి.

అంతకుముందు వరకూ జిమ్నాస్టిక్స్ అంటే 10. 1976 జులై 18న మాంట్రియల్‌లో నాదియా కొమనేచికి పదికి పది వస్తే, ఆ అంకె చూపించే ఏర్పాటే లేక స్కోరుబోర్డు మీద 1.00 అని పడింది. ఆ పదికి ఉన్న అందం మా మాస్టారి తరాన్ని ఇప్పటికీ వదల్లేదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో దక్షిణ కొరియా కుర్రాడు యాంగ్ టే-యంగ్‌కి ప్యారలల్ బార్స్‌లో 10.0 ఉండాల్సిన ప్రారంభ విలువని (ఏ తప్పూ చేయకపోతే వచ్చే గరిష్ఠ మార్కుని) 9.9గా లెక్కేశారు. చివరికి అతను 0.049 తేడాతో కంచుతో సరిపెట్టుకున్నాడు. బంగారం అమెరికా అబ్బాయి పాల్ హామ్‌కి వెళ్ళింది. ఆ రచ్చ తర్వాత 2006 నుంచి పద్ధతే మార్చేశారు. కఠినతకి ఒక స్కోరు, దానికి పైహద్దు లేదు. చేసిన తీరుకి ఇంకో స్కోరు, అది పది నుంచి తగ్గుతూ వస్తుంది. రెండూ కూడితే మొత్తం.

చిక్కు ఇక్కడే మొదలైంది. 2016 లెక్కల్లోనే చూడండి. ఒకమ్మాయి 5.0 విలువున్న వాల్ట్‌ని శుభ్రంగా చేసి 9.2 తెచ్చుకుంటే మొత్తం 14.2. ఇంకో అమ్మాయి 7.0 ప్రొడునోవా చేసి, దిగేటప్పుడు కూలబడి, 7.3 తెచ్చుకున్నా మొత్తం 14.3 అవుతుంది. పాదాలు ముందు నేలకి తగిలితే చాలు, పూర్తి విలువ ఇచ్చేవారు. మంచి శిక్షణ కేంద్రం, మంచి పరికరాలు లేని చిన్న దేశాల అమ్మాయిలకి ఫైనల్ చేరడానికి అదొక దారిగా కనిపించింది. విలువ దించింది ఆ ఆశని కొంచెం తగ్గించడానికే అని నేను నమ్ముతున్నాను. మెడకి ప్రమాదమని తెలిసీ ఎక్కువ మార్కులు ఇస్తూ పోతే ఆ పాపం నియమావళిదే అవుతుంది. 2023లో యాంట్‌వెర్ప్ ప్రపంచ పోటీల్లో బైల్స్ యుర్చెంకో డబుల్ పైక్ అనే చాలా కష్టమైన వాల్ట్ చేసినప్పుడు ఆమె కోచ్ మ్యాట్ మీదే నిలబడ్డాడు, అవసరమైతే పట్టుకోవడానికి. అందుకు 0.5 కోత పడుతుందని తెలిసే నిలబడ్డాడు. ప్రపంచంలో అందరికన్నా మేటి అయిన అమ్మాయికే అంత జాగ్రత్త.

మాస్టారు "మెడతో ఆట" అనడానికి కారణం ఉంది. ఆయనకి ఎలెనా ముఖినా గుర్తుంది. 1978 ప్రపంచ చాంపియన్. 1980 జులైలో, మాస్కో ఒలింపిక్స్‌కి కొద్ది రోజుల ముందు, మిన్స్క్‌లో ఆమె చేత థామస్ సాల్టో అనే ప్రమాదకరమైన పల్టీ సాధన చేయించారు. కాలు విరిగి ఇంకా పూర్తిగా అతకలేదు. తన్నాల్సినంత బలంగా తన్నలేకపోయింది, గడ్డం మీద పడింది, మెడ విరిగింది. ఇరవయ్యారేళ్ళు మంచం మీదే ఉండి 2006లో పోయింది. తర్వాత ఆ విన్యాసాన్ని ఆడవాళ్ళ పోటీల్లో నిషేధించారు. 1988లో టోక్యోలో అమెరికా అమ్మాయి జూలిసా గోమెజ్‌కి వార్మప్‌లో స్ప్రింగ్‌బోర్డు మీద కాలు జారింది, తల వాల్ట్‌కి కొట్టుకుంది. పదిహేనేళ్ళ పిల్ల. 1991లో చనిపోయింది. ఈరోజు స్ప్రింగ్‌బోర్డు చుట్టూ గుర్రపునాడా ఆకారంలో కనిపించే మెత్తటి మ్యాట్ ఆ ప్రమాదం తర్వాతే వచ్చింది. సిడ్నీ 2000లో అయితే వాల్ట్ హార్స్‌ని ఉండాల్సిన దానికన్నా 5 సెంటీమీటర్లు కిందికి బిగించారు. వరసపెట్టి అమ్మాయిలు పడుతున్నా ఎవరికీ అర్థం కాలేదు. చివరికి ఆస్ట్రేలియా అమ్మాయి అలానా స్లేటర్ గుర్తుపట్టి చెబితే కొలిచి చూశారు. మరుసటి ఏడాది, 2001లో, సన్నటి హార్స్ స్థానంలో వెడల్పాటి టేబుల్ వచ్చింది.

జిమ్నాస్టిక్స్ చరిత్ర చదువుతుంటే పతకాల పక్కనే ఇంకో చరిత్ర కనిపిస్తుంది నాకు. పరుపు ఎప్పుడు వచ్చింది, ఎంత మందం, ఎవరు పడ్డాక వచ్చింది అన్నది. మా గట్టు మీద గొడవలో లేని మాట అదొక్కటే.

మన వైపు సాహసానికి కరువెప్పుడూ లేదు. పైడితల్లమ్మ జాతరలో సాముగరిడీలు చూస్తూ పెరిగినవాళ్ళం. గరిడీ అంటేనే కసరత్తు చేసే చోటు. తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళు రొమ్ముకి కట్టిన రేకు తప్పెట వాయిస్తూ, గజ్జెలు మోగిస్తూ, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురాలు కడతారు. పిల్లిమొగ్గలు వేస్తారు, అదీ మట్టినేల మీద. దొమ్మరి గడ మీద కడుపు ఆనించి గిరగిరా తిరిగిన ఆడవాళ్ళ నేర్పు చూసి మా అమ్మమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకునేదట. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామ్మూర్తి ఛాతీ మీద పలక, పలక మీద ఏనుగు. ఆయన సర్కస్ కంపెనీ పెట్టి దేశదేశాలు తిరిగాడు. ఇవన్నీ గర్వపడాల్సినవే. అయితే ఇవన్నీ చూసి చూసి, పడకపోవడం ఆడేవాడి గొప్ప, పడితే వాడి ఖర్మ అన్న అలవాటు మన కళ్ళకి పట్టేసింది. పడేవాడి కింద ఏముందని మనం అడగలేదు.

వెయిట్‌లిఫ్టింగ్ మన జిల్లాల్లో ఎందుకు పాకిందో, జిమ్నాస్టిక్స్ ఎందుకు పాకలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. బారు, ప్లేట్లు, గట్టి చెక్క పరిచిన చోటు, విసుగులేని కోచ్ ఉంటే లిఫ్టింగ్ మొదలుపెట్టొచ్చు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి వచ్చింది. సిడ్నీలో 240 కేజీలెత్తి కంచు తెచ్చింది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ నుంచి మత్స సంతోషి వచ్చింది, 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కేజీల విభాగంలో రజతం గెలిచింది. అవే క్రీడల్లో దీపా ప్రొడునోవా చేసి కంచు గెలిచింది. దీపా తండ్రి కూడా వెయిట్‌లిఫ్టింగ్ కోచే!

కానీ ఆడపిల్లల జిమ్నాస్టిక్స్‌కి నాలుగు పరికరాలు కావాలి. వాల్ట్, ఎత్తు తేడాతో రెండు బార్లు, 10 సెంటీమీటర్ల వెడల్పున్న బీమ్, కింద స్ప్రింగులున్న 12 మీటర్ల చదరపు ఫ్లోర్. వాటన్నిటి కిందా పరుపులు. కొత్త విన్యాసం నేర్చుకోవాలంటే స్పాంజ్ ముక్కలతో నింపిన గొయ్యి. అగర్తలాలో కూడా ఇవన్నీ మొదట లేవు. కోచ్ బిశ్వేశ్వర్ నంది పాత స్కూటర్ విడిభాగాలతో పరికరం తయారు చేయించారని, మ్యాట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి వాల్ట్ నేర్పారని అప్పట్లో పత్రికల్లో చదివి నాకు కన్నీళ్ళు ఆగలేదు. మన తెలుగమ్మాయి, హైదరాబాద్ అరుణా బుద్దారెడ్డి 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో 13.649తో వాల్ట్ కంచు గెలిచింది. ప్రపంచ కప్ వ్యక్తిగత విభాగంలో పతకం తెచ్చిన మొదటి భారత జిమ్నాస్ట్ ఆమె. ఆ ఏళ్ళలో మన జాతీయ సమాఖ్య వర్గపోరులో కూరుకుపోయి ఉంది.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. మా స్కూల్లో ఒక చెక్క హార్స్, దాని ముందు కొబ్బరిపీచు పరుపు ఉండేవి. పరుపు మధ్యలో పీచంతా ముద్దకట్టి రెండు పక్కలకి జరిగిపోయింది. నడుమ మిగిలింది ఒట్టి గోనెగుడ్డ. మాకు ఆ సంగతి తెలుసు, అందుకే కాస్త పక్కకి దూకేవాళ్ళం. కొత్తగా చేరిన కుర్రాడికి తెలీదు. సరిగ్గా మధ్యలో దూకాడు. మణికట్టు విరిగిన చప్పుడు గోడ దాకా వినిపించింది. ఆ సాయంత్రమే హార్స్‌ని స్టోర్ రూమ్‌లో పెట్టి తాళం వేశారు. పరుపు మార్చలేదు, ఆట మానిపించారు. నేను ఆ బడిలో ఉన్నన్నాళ్ళూ ఆ తాళం తియ్యలేదు.

మా మాస్టారు రిటైరయ్యాక తమ ఊరి పిల్లలకి సాయంత్రాలు నేర్పుతున్నారు. మొన్న సంక్రాంతి వెళ్ళాక చూడ్డానికి వెళ్ళాను. కుప్పనూర్పులు అయిపోయి కళ్ళంలో గడ్డి దండిగా ఉంది. దాన్ని నడుం ఎత్తున పరిచి, పైన పాత టార్పాలిన్ కట్టారు. అరుగు మీంచి ఒక్కొక్కరూ దూకుతున్నారు. పల్టీ లేదు ఏమీ లేదు, ఉత్తి దూకుడే. మోకాళ్ళు వంచి, పాదాలు దగ్గర పెట్టి, చేతులు ముందుకి చాపి, "ఒకటి, రెండు, మూడు" అని ఆయన లెక్కపెట్టేదాకా కదలకూడదు. కదిలితే మళ్ళీ మొదటికి. పదకొండేళ్ళ పిల్ల ఒకతె పదహారుసార్లు దూకింది, నేను లెక్కపెట్టాను. చివరిసారి నిలబడి, ఊపిరి పీల్చుకుని, "తాతగారూ, ఇంక పల్టీ నేర్పుతారా?" అని అడిగింది.

"గడ్డి ఉన్నన్నాళ్ళే నేర్పుతానమ్మా" అన్నారాయన. ఉగాది దాటేసరికి ఆ గడ్డంతా పశువులకి అయిపోతుంది. మళ్ళీ కోతల దాకా ఆ పిల్ల అరుగు మీంచి మట్టిలోకి దూకాల్సిందే. ఒక్క మంచి క్రాష్ మ్యాట్ కొందామని మేం పదిమందిమీ గట్టు మీద చందాలు మొదలుపెట్టాం. ప్రొడునోవా గొడవ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.