‘అందరం కలిసి పనిచేద్దాం’: మా రంగంలో అపోహలు, వాస్తవాలు

అనంతపురం చుట్టుపక్కల పల్లెల్లో స్వచ్ఛంద సంస్థల తరఫున చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. మా వాళ్ల నోట ఎక్కువగా వినబడే మాట ‘కలిసి పనిచేద్దాం’. దాని చుట్టూ అపోహలూ తక్కువేం లేవు.

అపోహ: ఏడాదికి రెండు వర్క్‌షాపులు పెట్టుకుంటే సంస్థలు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటాయి.

వాస్తవం: వర్క్‌షాపులో అందరూ బాగా జరిగినవే చూపిస్తారు. నేనూ అంతే. ఒక ఏడాది మెట్ట పొలాలకు మామిడి మొక్కలు పంచాం. పంచిన లెక్క రిపోర్టులో రాశాం, ఫోటోలు పెట్టాం. ఎండాకాలం బిందెలతో నీళ్లు మోసి పోసేదెవరు? చాలావరకు ఎండిపోయాయి. తర్వాతెప్పుడో కళ్యాణదుర్గం బస్సు కోసం నిలబడి టీ తాగుతుంటే, వేరే సంస్థలో పనిచేసే మిత్రుడు కలిశాడు. “మాకూ అట్లే అయింది కదన్నా, మీకంటే రెండేళ్ల ముందే” అన్నాడు. వాళ్ల రిపోర్టు నా బీరువాలోనే ఉంది! తీసి చూస్తే అందులోనూ పంచిన లెక్కే, బతికిన లెక్క లేదు. ఇప్పుడు ఏ సంస్థ వాళ్లు కలిసినా ముందు అడిగేది, ఏది ఎండిపోయిందని.

అపోహ: తప్పు ఒప్పుకుంటే దాతలు వెళ్లిపోతారు.

వాస్తవం: కొందరు వెళ్తారు, అబద్ధం చెప్పను. మాకు ఒకసారి రెండో విడత డబ్బు ఆగిపోయింది. ఇంకొకరు మాత్రం మిగిలిన డబ్బును నీటి తొట్లకు మార్చుకోమన్నారు.

అపోహ: పెద్ద సంస్థ చిన్న సంస్థలకు నిధులు పంచడమే సహకారం.

వాస్తవం: విదేశీ విరాళాలతో ఆ పని ఇప్పుడు కుదరదు. 2020 సెప్టెంబరులో ఎఫ్‌సీఆర్‌ఏను, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని, సవరించాక, అందుకున్న విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. ఆ సంస్థకూ ఈ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. పాలనా ఖర్చుల పరిమితీ 50 శాతం నుంచి 20కి తగ్గింది. పక్క జిల్లాకు పోయి పని చూసొచ్చిన ఖర్చు ఏ పద్దులో రాయాలన్నా అకౌంటెంటుకు టెన్షనే. అందుకే మా మధ్య డబ్బు తిరగదు, మనుషులు తిరుగుతారు. వేరే సంస్థ ఇంజినీరు మా చెక్‌డ్యాం చూస్తాడు, మా సంస్థలో పనిచేసే అమ్మాయి వాళ్ల పొదుపు సంఘాల పుస్తకాలు సరిచూస్తుంది.

అపోహ: సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) పని ఏ కంపెనీకి ఆ కంపెనీ విడిగానే చేయాలి.

వాస్తవం: నిబంధనల ప్రకారమే కొన్ని కంపెనీలు కలిసి ఒక ప్రాజెక్టు చేపట్టొచ్చు. ఎవరి లెక్క వాళ్లు విడిగా చూపగలిగితే చాలు. (శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలన్నదే తెగదు.)

అపోహ: నేర్పేది మనం, నేర్చుకునేది రైతులు.

వాస్తవం: 2000ల దశకంలో నెదర్లాండ్స్ నిధులతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే భూగర్భజలాలను చూసుకునే ప్రాజెక్టు ఒకటి నడిచింది. ఉమ్మడి రాష్ట్రంలోని 7 కరువు జిల్లాల్లో. అందులో అనంతపురం, కర్నూలు, కడప మూడూ ఉన్నాయి. పనిచేసినవి వేర్వేరు సంస్థలు, పద్ధతి మాత్రం ఒకటే. వాన ఎంత పడింది, బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయి అన్నది రైతులే కొలిచేవాళ్లు. రబీకి ముందు ఊరివాళ్లు కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, ఏ పంటకు ఎన్ని కావాలో లెక్క కట్టేవాళ్లు. వరి వేయొద్దని ఎవరూ ఆర్డరు వేయలేదు. లెక్క చూసుకుని ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకునేవాళ్లు.

మా మామిడి మొక్కల ఊళ్లో అలాంటి లెక్క మేం కట్టించలేదు. అక్కడి పెద్దాయన ఒకరు ఇప్పటికీ కనిపించినప్పుడల్లా అంటాడు: “గుంతలు తీయకముందే అడిగింటే నీళ్ల సంగతి చెప్పింటిమి కదప్పా.”