అవ్వ కుట్టిన విస్తరాకు, మెదడు పొర

చంద్రగిరిలో మా అవ్వ మోదుగాకులు ముందరేసుకుని విస్తరాకులు కుట్టేది, ఒక ఆకు అంచు ఇంకో ఆకు మీదికి పట్టి సన్న పుల్లతో గుచ్చుతా పోయేది. ఆకులు గట్టిగానే నిలిచేవి గానీ చారు పోస్తే సందుల్లోంచి కారిపోయేది. అంటే పట్టు వేరు, సందు మూయడం వేరు. కడుపులో బిడ్డ మెదడు చుట్టూ పొర ఎలా తయారవుతుందో చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది, అక్కడ ఈ రెండు పనులకీ వేరేవేరే ప్రోటీన్లున్నాయి మరి.

మెదడు మీద మూడు పొరలు: బయట డ్యూరా, మధ్యలో అరాక్నాయిడ్, మెదడుకి అతుక్కుని పయా. డ్యూరాలో రక్తనాళాలు మెదడు లోపలి నాళాలంత బిగుతుగా ఉండవు, కాబట్టి అందులోంచి బయటికొచ్చింది మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి దిగకుండా అరాక్నాయిడ్‌లో ఒక సన్నటి కణాల వరస ఆపాలి. ఇక్కడ సిమెంటు లేదు, కణాలే ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఇ-క్యాడ్హెరిన్ అనే ప్రోటీన్ రెండు కణాల్లోంచీ బయటికి చాచుకుని పట్టుకుంటుంది, కాల్షియం లేకపోతే ఆ పట్టు జారిపోతుంది. ఇది అవ్వ పుల్ల. సందు మూసేది క్లాడిన్ల జాతిలోని ఇంకో ప్రోటీన్, క్లాడిన్-11. క్లాడిన్లని 1998లో జపాన్‌లో షోయిచిరో సుకితా ల్యాబ్ వాళ్లు కనిపెట్టారు, లాటిన్‌లో 'మూయడం' అనే మాట నుంచే ఆ పేరు.

నాకు చానా ఆశ్చర్యమేసింది మాత్రం ఇంకోటి. మెదడు లోపలి రక్తనాళాలు బిగుసుకోవాలంటే వింట్ అనే సిగ్నల్, అంటే కణాల మధ్య నడిచే ఒక కబురు, రావాలి, అదే సిగ్నల్ అరాక్నాయిడ్ దగ్గర తగ్గితేనే అక్కడి కణాలు ఈ అడ్డుగోడ కణాలుగా మారతాయి! ఒకే మాట, ఒక వీధిలో 'కట్టు' అని అర్థం, పక్క వీధిలో అది ఆగితేగానీ పని మొదలవ్వదు. ఇది చిట్టెలుకల్లో చూసి 2023లో చెప్పారు. చిట్టెలుక కడుపుతో ఉండేదే దాదాపు 20 రోజులు, అందులో పిల్ల పుట్టకముందే ఈ వరస పని మొదలుపెట్టేస్తుంది, పుట్టాక బిగుసుకుంటుందిలే అని వదిలేసే పని కాదన్నమాట. ఆ సిగ్నల్ తగ్గనీయకుండా చేసిన పిండాల్లో ఈ వరస సరిగా ఏర్పడలేదు, బయట ఇంజెక్ట్ చేసిన చిన్న అణువులు మెదడు వైపు ఎక్కువగా చేరిపోయాయి, అలాగే పసిపిల్లలకి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) తెచ్చే గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా కూడా.