హౌస్‌బోటు ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

ఒడిశా రాయగడలోని మన తెలుగు కుటుంబాలకు కేరళ టూర్లు ఏర్పాటు చేయడం నా పని. ధన్‌బాద్ నుంచి అలెప్పీ వెళ్లే ఎక్స్‌ప్రెస్ మన ఊరి మీదుగానే పోతుంది. ఇక్కడ ఎక్కితే మధ్యలో రైలు మారాల్సిన పని లేదు. అందుకే మనవాళ్లకు కేరళ అనగానే ముందు అలెప్పీ, అక్కడ గదులు కట్టి ఉండే పెద్ద పడవ, అదే హౌస్‌బోటు, గుర్తొస్తాయి. ఆ నీళ్ల మీద దొరికే ప్రశాంతత అంటే నాకు ప్రాణం. ఫోన్లో వీడియోలు చూసి ఏదో ఊహించుకుని వెళ్లి, తీరా అక్కడ చిరాకుపడి తిరిగొచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

అపోహ: పడవ రాత్రంతా నడుస్తూనే ఉంటుంది.

దాదాపు అందరూ ఇలాగే అనుకుంటారు. మామూలుగా మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో ఎక్కించుకుంటారు. సాయంత్రం ఐదున్నర, ఆరు అయ్యేసరికి ఒడ్డున కట్టేస్తారు. మర్నాడు ఉదయం కాసేపు తిప్పి, తొమ్మిదింటికి దించేస్తారు. చీకటి పడితే చేపలు పట్టేవాళ్లు వలలు వేసుకుంటారు. పెద్ద పడవ వాటి మీద నుంచి పోతే వల చిరుగుతుంది, వాళ్ల ఆ రోజు సంపాదన పోతుంది. "డబ్బులు కట్టాం కదా, ఇంకో గంట తిప్పమనండి" అని సరంగుతో గొడవపడేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

నాకైతే ఇంజను ఆగిన తర్వాతి పూటే ఎక్కువ ఇష్టం. నీళ్లలోకి దిగే మెట్ల మీద ఒకావిడ గిన్నెలు తోముకుంటుంది. ఒక కుర్రాడు చిన్న దోనె వేసుకుని అవతలి గట్టున ఉన్న కొట్టుకు వెళ్లొస్తాడు. వాళ్లకు ఆ కాలువే వీధి. మనం పాటల సౌండ్ పెంచితే వాళ్ల ఇంటి ముందు గోల చేసినట్టే.

ఏసీ విషయం కూడా ముందే అడగండి. చాలా పడవల్లో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకే వేస్తారు.

అపోహ: రెండు పక్కలా కొబ్బరిమట్టలు తగిలే సన్నటి కాలువల్లో హౌస్‌బోటు వెళ్తుంది.

వెళ్లదు. అంత పెద్ద పడవకు అక్కడ తిరిగే చోటు ఉండదు. అది వేంబనాడు సరస్సులో, వెడల్పాటి కాలువల్లో నడుస్తుంది. ఫోటోల్లో కనిపించే ఇరుకు కాలువలు చూడాలంటే షికారా అనే కప్పున్న చిన్న బోటు కానీ, తెడ్డుతో నడిపే చిన్న పడవ కానీ విడిగా మాట్లాడుకోవాలి. బడ్జెట్ తక్కువైతే కేరళ ప్రభుత్వ జలరవాణా శాఖ బోట్లున్నాయి. బస్సు టికెట్టులా కొనుక్కుని, ఊరివాళ్లతో పాటు అలెప్పీ నుంచి కొట్టాయం దాకా వెళ్లొచ్చు. పెద్దగా ఖర్చు లేకుండా అంత అందమైన ప్రయాణం మరొకటి నేను చూడలేదు.

అపోహ: అన్నీ పాతకాలపు ధాన్యం పడవలే.

వీటికి మూలం కెట్టువళ్ళం అనే సరుకు పడవ. ఆంజిలి చెక్క పలకలను ఒక్క మేకు కూడా కొట్టకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టి, జీడిగింజల పెంకు నుంచి తీసిన నూనె పూస్తారు. దగ్గరికెళ్లి చూస్తే పలక పలకకూ మధ్య వరసగా ఆ కుట్లు కనబడతాయి. రోడ్లు, లారీలు వచ్చాక వీటికి పని తగ్గింది. 1990ల తొలినాళ్లలో వాటి మీద గదులు కట్టడం మొదలైంది. ఇప్పుడు తిరిగేవాటిలో చాలావరకు టూరిస్టుల కోసమే కొత్తగా కట్టినవి. రెండంతస్తుల అద్దాల పడవ కన్నా, వెదురు చాపల కప్పున్న ఒకటి రెండు గదుల పడవే తీసుకోమని చెప్తాను. గాలి ఆడుతుంది, చప్పుడూ తక్కువ.

అపోహ: చిలికా చూశాం కదా, ఇదీ అంతే.

మన ఒడిశాలోని చిలికా సరస్సు అంటే నాకూ ఇష్టమే. అక్కడ సాతపడా దగ్గర కనిపించే ఇరావడ్డీ డాల్ఫిన్లు వేంబనాడులో కనపడవు. చిలికా 1981లో, వేంబనాడు 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరాయి. కానీ వేంబనాడు పక్కనే ఉన్న కుట్టనాడు లాంటి చోటు మాత్రం మనకు దగ్గర్లో లేదు. అక్కడ వరి సముద్రమట్టం కన్నా దిగువన పండుతుంది. పడవ పైభాగాన నిలబడి చూడండి. కాలువ నీళ్లు ఒక ఎత్తులో ఉంటాయి, మధ్యలో సన్నటి గట్టు, దానికి అవతల అంతకన్నా కిందికి పచ్చటి చేను. పొలంలోని నీళ్లను పంపులతో పైకి, కాలువలోకి తోడేస్తారు. నాగావళి నీళ్లు కాలువల్లో దిగువ పొలాలకు పారడం చూసిన మన రైతులు అక్కడ నోరెళ్లబెట్టి చూస్తారు. వానలు తగ్గాక సముద్రపు ఉప్పునీరు ఎగదన్నకుండా తన్నీర్‌ముక్కం దగ్గర అడ్డుకట్ట షట్టర్లు దించుతారు. కుట్టనాడు సాగు పద్ధతిని 2013లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఆ నీళ్లలో గుర్రపుడెక్క ఇప్పటికే అల్లుకుపోతోంది. దానికి తోడు మన చిప్స్ కవర్లు, బాటిళ్లు వేయొద్దు.

అపోహ: శాకాహారులకు తిండి కష్టం.

వంట పడవలోనే చేస్తారు. కొబ్బరినూనె వద్దని, లావు బియ్యం బదులు మామూలు తెల్లన్నం కావాలని ముందురోజే చెప్తే సరిపోతుంది. చేప తినేవాళ్లు అక్కడి కరిమీన్ అనే చేపను వదలకండి.

అపోహ: వర్షాకాలంలో వెళ్లనే కూడదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది, నిజమే. జూన్, జూలైల్లో రద్దీ ఉండదు, నీళ్ల మీద వాన చూడటం ఇంకో అందం. కాకపోతే వరద హెచ్చరిక ఉంటే పడవలు ఆపేస్తారు. 2018 వరదల్లో కుట్టనాడు దాదాపు మొత్తం మునిగింది. అలాంటప్పుడు టికెట్లు రద్దు చేసుకోవడమే మంచిది.

అపోహ: కదలని నీళ్లే కదా, భయం లేదు.

ఈ మాట వింటే నాకు టెన్షన్. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో టూరిస్టు బోటు మునిగి ఏం జరిగిందో మనందరికీ తెలుసు. 2023 మే 7న కేరళలోని తానూరులో పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్న టూరిస్టు బోటు బోల్తాపడి 22 మంది చనిపోయారు. అది హౌస్‌బోటు కాదు, కానీ నీళ్లకు ఆ తేడా తెలియదు. లైసెన్సు చూపించమనండి. ఎంతమందికి అనుమతి ఉందో అంతమందే ఎక్కండి. అంచుల మీద కూర్చుని సెల్ఫీలు వద్దు. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేదో సామాను ఎక్కించకముందే చూసుకోండి, లేకపోతే పడవ మార్చమని అడగండి.