నాలుగు అరచేతుల నేల

శ్రీకాకుళంలో స్టేడియానికి కోడి రామ్మూర్తి పేరు పెట్టారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కండలు పెంచి, సర్కసు పెట్టి దేశమంతా తిరిగిన మనిషి. ఆయన ఏనుగును గుండెల మీద ఎక్కించుకున్నాడని మా చిన్నప్పుడు పెద్దవాళ్లు కళ్లు పెద్దవి చేసి చెప్పేవారు. నాకు మాత్రం కారు కథ మీదే మక్కువ. కారుకు కట్టిన గొలుసును వెనక నుంచి ఆయన పట్టుకుంటే అది అంగుళం కదలలేకపోయిందట. తర్వాత ముప్పై ఏళ్లు విజయనగరంలో బడిపిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. ఘర్షణ పాఠం వచ్చినప్పుడల్లా ఆ కథను బల్ల మీద పెట్టి లెక్క కట్టించేవాణ్ణి.

ఆనాటి కారు బరువు ఒక టన్ను అనుకుందాం. ఇంజను తిప్పేది వెనక చక్రాలనే. వాటి మీద సగం బరువు, అంటే 500 కిలోలు ఉంటుంది. మట్టి నేల మీద ఘర్షణ గుణకం, అంటే బరువులో పట్టుగా మారే వంతు, 0.5 అనుకుంటే ఆ చక్రాలు నేలను నెట్టగలిగేది 250 కిలోల బరువుకు సమానమైన బలంతోనే. అంతకు మించి ఇంజను ఎంత రొద పెట్టినా చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి మట్టి చిమ్ముతాయి తప్ప లాగలేవు. 250 కిలోలను కాళ్లు తన్నిపెట్టి ఆపడం మీ వల్లా నా వల్లా కాదు, రామ్మూర్తిగారికి సాధ్యమే. రెండు పక్కలా రెండు కార్లను పట్టి ఆపాడని కూడా చెబుతారు. అది చూడటానికి రెట్టింపు ఘనకార్యం. కానీ రెండు లాగుళ్లూ ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి కాళ్లకు పని తగ్గి, భారమంతా చేతుల మీద పడుతుంది. ఈ మాట అన్నప్పుడల్లా క్లాసులో ఒకరిద్దరు నా మీద అలిగేవారు.

అదే కారులో 500 గుర్రాల ఇంజను పెట్టినా, ఆ టైర్లు అవే, ఆ మట్టి అదే అయితే లాగుడు 250 కిలోల దగ్గరే ఆగుతుంది. నేలకూ రబ్బరుకూ మధ్య ఒప్పందం కుదిరినంత వరకే ఇంజనుకు అధికారం. మా మేనల్లుడు చెన్నైలో ఉద్యోగం చేస్తూ రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కొన్నప్పుడు ఈ సంగతి చెప్పాను. “మామయ్యా, ఒకసారి ట్రాక్‌కు రండి, అప్పుడు చెబుదురుగాని” అన్నాడు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రేస్ ట్రాక్ లేదు. జాతీయ రహదారి 16 పట్టుకుని ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దక్షిణానికి వెళ్తే చెన్నై శివార్లలో ఇరుంగట్టుకోటై దగ్గర 1990లో మొదలైన ట్రాక్ ఉంది. దాని పొడవు 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే, గ్రేటర్ నోయిడాలో 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ పోటీలు జరిగిన బుద్ధ్ సర్క్యూట్ కూడా చెప్పుకోదగ్గవే. జర్మనీలో 1927లో తెరిచిన నూర్‌బర్గ్‌రింగ్‌ది వింత పద్ధతి. పోటీలు లేని రోజుల్లో అది ఒకవైపు మాత్రమే నడిచే టోల్ రోడ్డు. మడపాం దగ్గర టోలు కట్టి వంశధార దాటినట్టు, అక్కడ డబ్బు కట్టి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు మలుపులు తిరిగి రావచ్చు.

ఇరుంగట్టుకోటైలో గోడ పక్కన నిలబడి చూశాను. తిన్నని దారిలో కార్లు దూసుకుపోవడం రెండో నిమిషానికే పాతబడింది. కళ్లు తిప్పుకోలేనిది మలుపుల దగ్గర జరిగే తతంగం.

ఒకటిన్నర టన్నుల కారు నాలుగు టైర్ల మీద సమానంగా నిలబడితే ఒక్కో టైరు మీద 375 కిలోలు ఉంటాయి. పెట్రోలు బంకులో 32 పాయింట్ల గాలి పెట్టిస్తే టైరులోని పీడనం చదరపు సెంటీమీటరుకు రెండుంపావు కిలోలు. భాగిస్తే నేలను తాకే చోటు 167 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. వేళ్లు కలిపి చాచిన ఒక అరచేయి అంత. వేగం పెంచడం, ఆపడం, తిప్పడం అన్నీ ఆ నాలుగు అరచేతుల మీదుగానే జరగాలి.

50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు, పొడి తారు, గుణకం 0.9 తీసుకోండి. అక్కడ జారకుండా తిరగగల గరిష్ఠ వేగం సెకనుకు 21 మీటర్లు, అంటే గంటకు 75 కిలోమీటర్ల పైన కాస్త. సమీకరణంలో బరువు రెండు వైపులా కొట్టుకుపోతుంది. కాబట్టి చిన్న కారుకైనా పెద్ద కారుకైనా ఇదే జవాబు రావాలి. పాఠ్యపుస్తకం ఇక్కడితో సంతృప్తి పడుతుంది, రబ్బరు పడదు. టైరు మీద బరువు రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, కొంచెం తక్కువే పెరుగుతుంది. మలుపులో కారు ఒక పక్కకు ఒరిగి బయటి టైర్ల మీద పడితే, అవి సంపాదించే పట్టు లోపలి టైర్లు పోగొట్టుకున్నదానికి సరితూగదు. స్పోర్ట్స్ కారును నేలకు కరిపించినట్టు పొట్టిగా కట్టేది ఇందుకే. గురుత్వ కేంద్రం కిందికి దిగితే అటూ ఇటూ మారే బరువు తగ్గుతుంది. ఆ పొట్టితనం మన వీధుల్లోని స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఎంత యాతన పెడుతుందో మేనల్లుణ్ణి అడగండి.

ముందున్న మలుపును మార్చలేం కానీ అందులో మన దారిని మార్చుకోవచ్చు. ట్రాక్ వెడల్పు 10 మీటర్లు, లంబకోణంలో తిరిగే మలుపు లోపలి అంచు వ్యాసార్ధం 20 మీటర్లు అనుకోండి. రోడ్డు మధ్యనే బుద్ధిగా తిరిగితే వ్యాసార్ధం 25 మీటర్లు, వేగం గంటకు 53 కిలోమీటర్లు. బయటి అంచు నుంచి మొదలుపెట్టి, మలుపు నడుమ లోపలి అంచును రాసుకుంటూ వెళ్లి, మళ్లీ బయటి అంచుకు తేలితే కారు గీసే చాపం వ్యాసార్ధం 54 మీటర్లకు పెరుగుతుంది. వేగం 78 దాటుతుంది. అదే కారు, అవే టైర్లు, పైసా ఖర్చు లేకుండా పాతిక కిలోమీటర్ల వేగం చేతికొచ్చింది. ఎదురుగా ఎవరూ రారన్న భరోసా ఉన్నచోటే ఈ జామెట్రీ పనికొస్తుంది. ఘాట్ రోడ్డులో ఇలా అంచు నుంచి అంచుకు కోసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పట్టును ఎలా పంచుకోవాలో కూడా ఆలోచించాలి. టైరుకు ఉన్న మొత్తం బలాన్ని ఒక వృత్తంగా గీస్తారు. బ్రేకుకు వాడినది పోగా మిగిలినదే తిప్పడానికి. మొత్తం బ్రేకుకే ఖర్చు చేసినవాడు స్టీరింగు ఎంత తిప్పినా కారు తిన్నగానే పోతుంది. అందుకే తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా తొక్కి, మలుపులోకి దిగుతూ పాదాన్ని కొద్దికొద్దిగా వదులుతూ, వదిలినంత మేరా స్టీరింగు తిప్పుతారు. నడుమలో భయపడి ఆక్సిలరేటరు మీద నుంచి కాలు ఒక్కసారిగా తీసేస్తే బరువు ముందుకు దూకి, వెనక టైర్లు తేలికపడి కారు బొంగరమవుతుంది. ఆ రోజు ఇద్దరు అలా తిరిగి గడ్డిలోకి పోవడం చూశాను. మనుషులకు ఏమీ కాలేదు, కార్లకూ పెద్దగా కాలేదు. గడ్డి అక్కడ ఉన్నది అందుకే.

ఇంతవరకూ చెప్పినది మొదటి రౌండుకు చాలు. ఐదో రౌండుకు వేరే సంగతి బయటపడుతుంది.

ఒకటిన్నర టన్నుల కారు 180 కిలోమీటర్ల వేగం నుంచి 72కు దిగాలంటే సుమారు 15.75 లక్షల జౌళ్ల శక్తిని వదిలించుకోవాలి. గది వేడిమిలో ఉన్న ఐదు లీటర్లకు పైగా నీళ్లను మరిగించడానికి సరిపడే వేడి అది. నాలుగైదు సెకన్లలో అదంతా బ్రేకు డిస్కుల్లోకి పోతుంది. ఊళ్లో 60 వేగం నుంచి పూర్తిగా ఆగడానికి ముప్పావు లీటరు నీళ్లపాటి వేడి కూడా పుట్టదు. వేగం మూడు రెట్లయితే శక్తి తొమ్మిది రెట్లవుతుందని పిల్లలకు వందసార్లు చెప్పాను కానీ దాని వాసన చూసింది మాత్రం అక్కడే.

ముందు చక్రాల మీదే ఎక్కువ భారం పడుతుంది కాబట్టి ఆ వేడిలో డెబ్బై శాతం ముందు డిస్కులదని అనుకుందాం. ఒక్కో డిస్కు ఎనిమిది కిలోల పోత ఇనుము అయితే, ఒక్కసారి తొక్కితే దాదాపు 150 డిగ్రీలు వేడెక్కుతుంది. తర్వాతి తిన్నని దారిలో గాలి తగిలి కొంత చల్లారుతుంది. పూర్తిగా చల్లారేలోపే మరో మలుపు వస్తుంది. ఇనుము చీకట్లో మసక ఎరుపుగా వెలగడం 525 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. రాత్రి పూట జరిగే రేసుల్లో చక్రాల లోపల నిప్పుకణికల్లా కనిపించేవి ఆ డిస్కులే.

ఈ వ్యవహారం మనకు కొత్త కాదు. ఒడిశా నుంచి సాలూరు ఘాట్ దిగే లారీలను కింద నిలబడి చూసినవాళ్లకు ఆ మాడు వాసన తెలుసు. 25 టన్నుల లారీ వంద మీటర్ల ఎత్తు దిగితే 245 లక్షల జౌళ్లు ఎక్కడో ఒకచోటికి పోవాలి. అంతా బ్రేకుల మీద వదిలితే చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము వేడికి వ్యాకోచించి, లోపలి బ్రేకు షూలకు దూరం జరుగుతుంది. ఎంత తొక్కినా అందదు. అందుకే సాలూరు డ్రైవర్లు పైనే చిన్న గేరులో వేసి ఇంజను చేత పట్టించుకుంటూ దిగుతారు. లారీలతో బతికే ఆ ఊళ్లో ఈ చదువు తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది.

కారులో డిస్కులు కాబట్టి ఆ ఇబ్బంది లేదు, కానీ మరోటి ఉంది. పాదం తొక్కిన బలాన్ని చక్రం దాకా మోసేది బ్రేకు ఆయిల్. ద్రవం నలగదు కాబట్టి బలం తగ్గకుండా చేరుతుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అయితే అది గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. 3.7 శాతం నీరు చేరిన ఆయిల్‌కు అదే ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. ఉప్పు డబ్బా మూత తీస్తే గడ్డకట్టే మన తీర ప్రాంతంలో రెండేళ్లు తిరిగిన కారులో ఎలాంటి ఆయిల్ ఉంటుందో ఊహించుకోండి. ఊళ్లో అది ఎప్పుడూ బయటపడదు. ట్రాక్ మీద డిస్కును నొక్కిపట్టే ప్యాడ్ల వేడి ఆయిల్‌కు పాకి, అక్కడ బుడగ పుడుతుంది. ఆవిరి నలుగుతుంది. పెడలు మెత్తగా నేల దాకా దిగిపోతుంది, కారు మాత్రం ఆగదు.

మేనల్లుడికి నాలుగో రౌండులో సరిగ్గా ఇదే జరిగింది. పెడల్‌ను రెండు మూడుసార్లు గబగబా తొక్కి ఒత్తిడి తెచ్చుకుని, గేరు తగ్గించుకుంటూ బయటపడ్డాడు. మెకానిక్కు పాత ఆయిల్ తీసి గాజు సీసాలో చూపించాడు. లేత తేనె రంగులో ఉండాల్సింది కాఫీ డికాక్షన్‌లా ఉంది. కొన్నప్పటి నుంచి మార్చలేదని అప్పుడు ఒప్పుకున్నాడు.

వేడి బ్రేకులతో ఆగదు. 30 డిగ్రీల దగ్గర 32 పాయింట్లు ఉన్న టైరు 80 డిగ్రీలకు చేరితే లోపలి పీడనం దాదాపు 40 పాయింట్లకు పెరుగుతుంది. టైరు ఉబ్బి నేలను తాకే అరచేయి చిన్నదవుతుంది. అందుకే మధ్యమధ్యలో గాలి తీస్తూ ఉంటారు. రబ్బరుకు కొంత వేడి కావాలి, అప్పుడే తారు గరుకులోకి ఒదిగి పట్టుకుంటుంది. ఎక్కువైతే పైపొర జిడ్డుగా మారి జారుతుంది. రోడ్డు టైరు వానలో నీళ్లను తోడేయడానికి, ఏళ్ల తరబడి మన్నడానికి కట్టింది. రేసు టైరుకు అరగంట మన్నితే చాలు.

ఇంజను అడుగున ఉండే ఆయిల్‌దీ ఒక అవస్థే. ఆటోలో బిందె నిండా నీళ్లు పెట్టుకుని మూల తిరిగితే నీళ్లు ఒక పక్కకు ఎక్కేస్తాయి కదా. పొడవాటి మలుపులో ఇంజను ఆయిల్ అలాగే పక్కకు చేరితే పీల్చే గొట్టానికి గాలి తగులుతుంది. అలా ఒకటి రెండు సెకన్లు నడిచినా బేరింగులు పోతాయి. ట్రాక్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన ఖరీదైన కార్లలో ఆయిల్‌ను వేరే ట్యాంకులో ఉంచి పంపులతో అందిస్తారు. కారు ధరలో తేడా ఇలాంటి చోట ఉంటుంది, షోరూం అద్దం ముందు నిలబడితే కనిపించదు. ఇంకో మాట, మన కారు బీమా పత్రం వెనక చిన్న అక్షరాల్లో పోటీలు, వేగ పరీక్షలు వర్తించవని రాసి ఉంటుంది. వెళ్లే ముందు అది చదవాలి.

చివరి రౌండును నెమ్మదిగా, వీలైనంత వరకు బ్రేకు తొక్కకుండా నడపమని అక్కడి శిక్షకులు చెబుతారు. గాలి తగిలి డిస్కులు చల్లారాలి. ఆగాక హ్యాండ్‌బ్రేకు వేయకూడదు. మండుతున్న డిస్కును ప్యాడ్లు కరుచుకుని ఉంటే అక్కడే వేడి నిలిచి, ఒక చోట మచ్చ పడుతుంది, ఆయిల్ మళ్లీ మరుగుతుంది. గేరులో వదిలి, చక్రానికి అడ్డు పెట్టాలి.

దసరా అయ్యాక సిరిమాను ఉత్సవానికి మేనల్లుడు ఆ కారు మీదే విజయనగరం వచ్చాడు. ట్రాక్ దిగి వారం అయింది, దారంతా బుద్ధిగా ఎనభైలోనే వచ్చానన్నాడు. మా గుమ్మం ముందు ఆపి, దిగి, అటూ ఇటూ చూసి, గోడ పక్కనున్న ఇటుక తెచ్చి వెనక చక్రం కింద పెట్టాడు. మా ఆవిడ వాకిట్లోంచి చూసి, “అన్ని లక్షలు పోసి కొన్న కారుకు హ్యాండ్‌బ్రేకు కూడా ఇవ్వలేదా నాయనా?” అంది.