బ్రాందీ వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

“వేడినీళ్లలో ఒక పెగ్గు బ్రాందీ పోసి, చిటికెడు మిరియాల పొడి వేసుకుని తాగి ముసుగుతన్ని పడుకుంటే తెల్లారేసరికి జలుబు ఎగిరిపోతుందని మా మామయ్య బల్లగుద్ది చెప్తాడు. ఇందులో సైన్స్ ఏమైనా ఉందా, లేక తాగడానికి సాకా?” అని ఒక పాఠకుడు అడిగారు. రెండూ ఉన్నాయండీ. సాకు సంగతి మామయ్యకే వదిలేద్దాం. సైన్స్ మాత్రం నాకు భలే ఇష్టమైనది, ఎందుకంటే తాగినవాళ్లు ‘ఒళ్లు వెచ్చబడింది’ అనడంలో అబద్ధం లేదు, వాళ్లకి నిజంగానే అలా అనిపిస్తుంది, కాకపోతే లోపల జరిగేది దానికి పూర్తిగా ఉల్టా.

ముందు ‘మందు పడితే క్రిములు చస్తాయి’ అనే వాదన ఒకటుంది, దాన్ని త్వరగా తేల్చేద్దాం. శానిటైజర్ సరిగ్గా పనిచెయ్యాలంటే అందులో ఆల్కహాల్ కనీసం 60 శాతం ఉండాలి. మన దగ్గర అమ్మే బ్రాందీ, రమ్ము సీసాల మీద 42.8 శాతం అని రాసి ఉంటుంది, అంటే సీసాలో ఉన్నదే చాలదు. అది కడుపులోకి వెళ్లి, ఒంట్లో ఉన్న సుమారు నలభై లీటర్ల నీళ్లలో కలిసిపోయాక ఇంకేం మిగులుతుంది? డ్రంకెన్ డ్రైవ్ కేసు పెట్టే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. అదే 0.4 శాతం దగ్గరికి వస్తే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. వైరస్ కంటే ముందు మనిషే పోతాడు. పైగా జలుబు తెచ్చే రైనోవైరస్‌లకి పైన కొవ్వు పొర ఉండదు, ఆల్కహాల్ తేలిగ్గా చింపేది ఆ పొరనే.

ఇక అసలు విషయం, వేడి.

గుక్క దిగుతున్నప్పుడు గొంతు నుంచి గుండెల దాకా ఒక గీత గీసినట్టు మండుతుంది కదా, అది ఎందుకు? నరాల చివర్లలో టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. మిరపకాయ మంటని పసిగట్టేది ఇదేనని 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది, 2021 నోబెల్ బహుమతిలో ఆయన వాటాకి మూలం అదే. ఇది నరం గోడలో ఉండే చిన్న ద్వారం. సుమారు 42 డిగ్రీల వేడి తగిలితే తెరుచుకుంటుంది, కాల్షియం, సోడియం అయాన్లు లోపలికి దూకుతాయి, నరం ‘కాలుతోంది’ అని మెదడుకి కబురు పంపుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ వేడితో పనిలేకుండానే ఆ ద్వారాన్ని తెరుస్తుంది. మిరియాల్లోని పైపరిన్ కూడా అంతే. ఆల్కహాల్ చేసే పని ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. అది ద్వారం తెరుచుకునే ఉష్ణోగ్రతనే 42 నుంచి 34 డిగ్రీల దగ్గరికి దించేస్తుందని 2002లో తేలింది. మన ఒంటి వేడి ఎంత? 37. అంటే గొంతు తన సొంత వేడికే తాను కాలిపోతున్నానని కేకలు పెడుతుందన్నమాట! ఐస్ వేసుకుని తాగినా మండేది ఇందుకే. మామయ్య ఫార్ములాలో వేడినీళ్లు, మిరియాలు, బ్రాందీ మూడూ కలిసి ఒకే ద్వారం మీద పడుతున్నాయి. ఎవరు కనిపెట్టారో గానీ గట్టివాడే.

ఇది గొంతు వరకే. తర్వాత పావుగంటకో అరగంటకో చెవులు, బుగ్గలు ఎర్రబడి ఒళ్లంతా వెచ్చగా అనిపించడం వేరే కథ. ఆల్కహాల్ చర్మం కింద ఉన్న రక్తనాళాలని వెడల్పు చేస్తుంది, లోపలి వేడి రక్తం చర్మానికి పొంగుతుంది. చలినీ వేడినీ కనిపెట్టే నరాలు ఎక్కువగా ఉండేది చర్మంలోనే. చలికాలం రాత్రి ఇంటి తలుపులు, కిటికీలు బార్లా తీసి లోపలి వేడినంతా బయటికి వదిలేశారనుకోండి, గేటు దగ్గర కుర్చీలో ఉన్న వాచ్‌మన్‌కి కాసేపు హాయిగా ఉంటుంది. మెదడు ఫోన్ చేసి కనుక్కునేది ముఖ్యంగా ఆ వాచ్‌మన్‌నే. ‘ఎలా ఉందయ్యా?’ అంటే ‘బ్రహ్మాండంగా ఉంది సార్’ అంటాడు. మెదడు నిశ్చింతగా వణుకు ఆపేస్తుంది. నిజానికి వణుకు అంటే కండరాలు పనిగట్టుకుని వేడి పుట్టించడం, అంటే పొయ్యి కూడా ఆర్పేసినట్టు. లోపల పడకగదిలో ఉన్న గుండె, కాలేయం మెల్లగా చల్లబడుతుంటాయి, వాళ్లని అడిగేవాడు లేడు. ‘మరి మంచుకొండల్లో మిలిటరీవాళ్లు రమ్ము తాగరా?’ అని ఎవరో ఒకరు అంటారు. ఎవరు తాగినా ఒంట్లో జరిగేది ఇదే, చలికి శరీరం చల్లబడిపోయిన మనిషికి మద్యం ఇవ్వొద్దన్నదే ప్రథమ చికిత్సలో మొదట నేర్పే పాఠాల్లో ఒకటి.

చలిజ్వరంలో ఇది మరీ నమ్మకంగా మోసం చేస్తుంది. జ్వరం ఎక్కేటప్పుడు మెదడు చర్మపు రక్తనాళాలని బిగించి వేడిని దాచుకుంటుంది, అందుకే ఒళ్లు కాలుతున్నా దుప్పటి కావాలంటాం. అప్పుడు పెగ్గు పడితే నాళాలు తెరుచుకుని చలి తగ్గినట్టుంటుంది, ‘చూశావా, పనిచేసింది’ అంటారు. చర్మం ఒంటి ఉష్ణోగ్రతని ఎలా కాపాడుతుందో బడిలో అందరం చదివాం, అయిదు మార్కుల ప్రశ్నకి బొమ్మ కూడా వేశాం. ఆ బొమ్మకీ ఇంట్లో పెగ్గుకీ సంబంధం ఉందని మాత్రం ఎవరూ చెప్పరు.

ఆల్కహాల్ కాలితే కూడా వేడి వస్తుంది కదా అని తెలివైనవాళ్లు అడుగుతారు. లెక్క చూద్దాం. 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్, గ్రాముకి 7 క్యాలరీలు, మొత్తం 70. కదలకుండా కూర్చున్న మనిషి గంటకి ఎలాగూ దాదాపు అంతే ఖర్చు చేస్తాడు. కాలేయం ఆల్కహాల్‌ని కాలుస్తున్నంతసేపూ కొవ్వు కాల్చడం తగ్గించేస్తుంది, కాబట్టి అదనంగా చేరే వేడి నామమాత్రం.

మరి తెల్లారేసరికి హాయిగా ఉండటం? వేడినీళ్ల చలవ అది. 2008లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో జలుబు చేసినవాళ్లకి ఒకే పళ్లరసాన్ని కొందరికి వేడిగా, కొందరికి మామూలుగా ఇచ్చి చూశారు. వేడిగా తాగినవాళ్లకి ముక్కు కారడం, దగ్గు, తుమ్ములు, గొంతు నొప్పి, చలి, నీరసం తగ్గినట్టు అనిపించింది, ముక్కులో గాలి ఆడటం కొలిస్తే మాత్రం తేడా లేదు. అందులో మద్యం చుక్క లేదు. మామయ్య గ్లాసులోంచి బ్రాందీ తీసేసినా మిరియాల కషాయం మిగులుతుంది, అది చాలు. బ్రాందీ వల్ల ముక్కులోపలి నాళాలు కూడా ఉబ్బి ముక్కు ఇంకా బిగుసుకుంటుంది, నిద్ర త్వరగా పట్టినా తెల్లవారుజామున ముక్కలవుతుంది.

పెద్దవాళ్ల సంగతి సరే, పసిపిల్లలకి పాలలో నాలుగు చుక్కలు కలిపే అలవాటు మాత్రం నాకు ఒళ్లు మండిస్తుంది. కాలేయం ఆల్కహాల్‌ని ఎసిటాల్డిహైడ్‌గా, దాన్ని ఎసిటేట్‌గా మార్చే రెండు మెట్లలోనూ ఎన్ఏడీ అనే అణువు ఎన్ఏడీహెచ్‌గా మారిపోతుంది. ఎన్ఏడీహెచ్ పేరుకుంటే గ్లూకోజ్ తయారీకి ముడిసరుకైన పైరువేట్ లాక్టేట్‌గా పక్కదారి పడుతుంది, కాలేయం కొత్తగా గ్లూకోజ్ తయారు చేసే దారి మూసుకుపోతుంది. పెద్దవాళ్లకి కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉన్న చక్కెర కాసేపు ఆదుకుంటుంది. జ్వరంతో పాలు తాగని పసిబిడ్డ దగ్గర ఆ నిల్వ ఎంత? రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ రావొచ్చు. ‘మందుకి మత్తుగా పడుకుంది’ అనుకునే నిద్ర అదే కావొచ్చు. బాలింతకి బ్రాందీ పట్టించినా, తల్లి రక్తంలో ఎంత ఉంటుందో పాలలోనూ దాదాపు అంతే ఉంటుంది.

2020లో ఇరాన్‌లో కరోనాకి మద్యం విరుగుడని పుకారు పుట్టి, మిథనాల్ అనే తాగకూడని ఆల్కహాల్ కలిసిన కల్తీ సరుకు తాగి 500 మందికి పైగా చనిపోయారు. మిథనాల్ దానంతట అది పెద్ద విషం కాదు, కాలేయంలోని ఎంజైమ్ దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా, అది చివరికి ఫార్మిక్ ఆమ్లంగా మారాక కంటి నరం దెబ్బతింటుంది. విచిత్రమేమిటంటే దానికి విరుగుడు మామూలు తాగే ఆల్కహాలే, అంటే ఇథనాల్. రెండిటికీ ఎంజైమ్ ఒక్కటే, కానీ దానికి ఇథనాల్ అంటే మక్కువ చాలా ఎక్కువ, అది ఉన్నంతసేపూ మిథనాల్‌ని పట్టించుకోదు, ఈలోగా డయాలసిస్‌తో మిథనాల్‌ని బయటికి తోసేస్తారు. వియత్నాంలో ఒకసారి డాక్టర్లు స్పృహలేని ఒక రోగికి 15 క్యాన్ల బీరు ఎక్కించి బతికించారు. ఫోమెపిజోల్ అనే ఖరీదైన మందు దొరకని చోట ఇప్పటికీ రక్తంలో ఇథనాల్ ఎంత ఉందో కొలుచుకుంటూ ఇలాగే చేస్తారు.